ఝాన్సీ చెప్పొద్దన్న సంగతి

జనవరి 20

మా పేపర్ తీసుకున్నారు. వచ్చే నెల ఏడు, ఎనిమిది తేదీల్లో విజయనగరంలో సదస్సు. ‘జాతి, తెగ, కులం, సామాజిక న్యాయం’ అని పేరు పెట్టారు. ఎక్కడెక్కడి యూనివర్సిటీల వాళ్ళో వస్తారట. మా ఎమ్మే సోషియాలజీ నుంచి మాది ఒక్కటే. కుసుమకుమారి మేడమ్ క్లాసులో అందరి ముందూ మా ఇద్దరి పేర్లూ చదివి, “అనూరాధా, ఝాన్సీ, నా పరువు మీ చేతుల్లో ఉంది” అన్నారు.

నిజానికి ఆలోచన ఝాన్సీది. చేపలమ్ముకునే ఆడవాళ్ళని రైళ్ళలో, బస్సుల్లో వాసన పేరు చెప్పి ఎలా దూరం పెడతారన్నది మా పేపర్. వాళ్ళమ్మ గున్నమ్మ పిన్ని చేసే పనే అది. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. తెల్లారకుండా గంప సర్దుకుని విజయనగరం వచ్చి, పాసింజరెక్కి మా పొందూరులో దిగుతుంది. మా వీధికి కూడా వస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ తెచ్చిన చేపలే మా ఇంట్లో. ఆవిడ కూతురూ నేనూ శ్రీకాకుళంలో ఒకే హాస్టల్ గదిలో పడతామని ఎవరనుకున్నారు.

రైళ్ళలో తిరిగి ఆ ఆడవాళ్ళ మాటలు సేకరించింది ఝాన్సీ. ఇంగ్లీషులో పెట్టింది నేను. అందుకని వేదిక మీద నేను మాట్లాడటం, పక్కన నిలబడి తను స్లైడ్లు నడపటం. అలా అనుకున్నాం. తనే అంది.

జనవరి 26

జెండా వందనం అయ్యాక హాస్టల్ ఖాళీ అయిపోయింది. ఝాన్సీ, నేను మేడ మీద బట్టలారేసి అక్కడే కూర్చున్నాం. అందరి సంగతులూ రాసుకున్నాం గానీ నీది ఒక్కటీ చెప్పలేదేమని అడిగాను. ఊరికే అడిగాను.

చాలాసేపు బట్టల క్లిప్పు ఒకటి తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది. తర్వాత చెప్పింది. తొమ్మిదో తరగతిలో పక్కనమ్మాయి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకునేదట. టీచరు ఆ పిల్లని ఏమీ అనలేదు. ఝాన్సీనే లేపి, “ఆ కిటికీ పక్కన కూర్చో, గాలి ఆడుతుంది” అందట. ఎవరి కోసం గాలి ఆడాలో క్లాసంతటికీ అర్థమైంది. మర్నాడు పొద్దున్న వాళ్ళమ్మ చేపలు ఏరి, చేతులు కడుక్కుని, ఎప్పటిలాగే జడ వెయ్యడానికి వస్తే ఝాన్సీ దువ్వెన లాగేసుకుంది. నా జడ నేనేసుకుంటాను అంది. ఆ రోజు నుంచీ మళ్ళీ తల ముట్టుకోనివ్వలేదట.

గున్నమ్మ పిన్నికి కారణం తెలియదు. మా పిల్ల పెద్దదైపోయింది, దాని పని అదే చేసుకుంటోందని వీధంతా గొప్పగా చెప్పుకుందట.

“ఇది పేపర్లోకి కాదే,” అంది ఝాన్సీ. “నాకు సిగ్గని కాదు. అమ్మకి ఇన్నేళ్ళయినా తెల్దు. తెలిస్తే తట్టుకోనేదు.”

పేపర్లో రాయనని మాటిచ్చాను. ఇక్కడ రాసుకోవడం వేరు. ఇది నాకోసం.

ఫిబ్రవరి 6

ఇవాళ చదివి చూసుకుంటే నాలుగో స్లైడు దగ్గర నాకే ఆవులింత వచ్చింది. ఏదో లోటు ఉంది.

ఫిబ్రవరి 7

విజయనగరం. పొద్దున్న నుంచీ వింటూనే ఉన్నాం. నల్లజాతి అమ్మాయిల జుట్టు గురించి స్కూళ్ళు పెట్టే నియమాల మీద ఒకావిడ మాట్లాడింది. తర్వాత సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర తెగ కుర్రాడు. బళ్ళో చేర్పించిన రోజున, వాళ్ళమ్మ పెట్టిన పేరు పలకడం కష్టమని మాస్టారు రాముడని రాసేసుకున్నారట. “ఇప్పుడు మా ఊళ్ళో కూడా నన్ను రాముడనే పిలుస్తున్నారు. అసలు పేరుతో పిలిచేది మా అమ్మ ఒక్కర్తే” అని చెప్పి ఆగాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

పట్టికలూ శాతాలూ చూపించిన వాళ్ళకి మాత్రం టైమైపోయిందని చీటీలు అందాయి.

రాత్రి భోజనాల దగ్గర ఝాన్సీతో అన్నాను, సొంత సంగతులు చెప్పిన వాళ్ళకే విలువ అని. తను అన్నం కలుపుకుంటూ, మన దాంట్లో ఇంతమంది ఆడోళ్ళ మాటలున్నాయి కదా, అవి సొంతం కావా అంది. అవుననే అన్నాను.

ఫిబ్రవరి 8

బహుమతి మాకే. ఉత్తమ పత్రం! షీల్డు ఇంత బరువుంటుందనుకోలేదు. మేడమ్ నన్ను దగ్గరికి తీసుకున్నారు. ఝాన్సీకి తలనొప్పిగా ఉందట, ముందే బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 9

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న మా వంతు మధ్యాహ్నం భోజనాలయ్యాక. సగం మంది ఫోన్లలో ఉన్నారు, ముందు వరసలో ఒకాయన కునుకు తీస్తున్నాడు. రెండో స్లైడు, మూడో స్లైడు. ఎవరూ తల ఎత్తలేదు. చీటీ రాసే అబ్బాయి పెన్ను తీశాడు. అప్పుడు నేను కాగితం పక్కన పెట్టేశాను. “ఒక అమ్మాయి కథ చెబుతాను” అన్నాను. కిటికీ, గాలి, దువ్వెన, జడ, అన్నీ చెప్పాను. వాళ్ళమ్మ వీధంతా గొప్పగా చెప్పుకోవడం కూడా చెప్పాను. ఫోన్లలో ఉన్నవాళ్ళంతా తలెత్తారు. పేరు చెప్పలేదు. ఎవరి పేరూ చెప్పలేదు.

పక్కన లాప్‌టాప్ దగ్గర ఝాన్సీ తలొంచుకుని నిలబడి ఉంది. స్లైడు మార్చలేదు.

అయ్యాక అందరూ చుట్టూ చేరారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, తెల్ల జుట్టు, పొందూరు ఖద్దరు చీర, ఏడుస్తూ వచ్చింది. నా దగ్గరకి కాదు, నేరుగా ఝాన్సీ దగ్గరకి. ఝాన్సీ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. “చూడు తల్లీ, ఏ వాసనా లేదు. ఏమీ లేదు” అంది. చాలా మంచావిడ. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోటోలు తీశారు.

ఝాన్సీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆవిడ వదిలేదాకా అలాగే ఉంచింది.

నేను అక్కడికి వెళ్ళగలిగేదాన్నే. అప్పుడే ఎవరో నన్నేదో అడుగుతున్నారు.

ఫిబ్రవరి 10

పేరు చెప్పలేదు.

ఫిబ్రవరి 12

ఝాన్సీ పక్క బ్లాకులో పద్మకుమారి గదికి మారిపోయింది. అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుందట. బట్టలు సర్దుకుంటుంటే నేనూ సాయం చేశాను. దుప్పటి మడతపెట్టిచ్చాను. క్షమించమని అనబోయాను గానీ, అంటే పెద్ద తప్పు చేసినట్టు అవుతుందని ఊరుకున్నాను. గుమ్మం దాటుతూ, “అయిపోయింది కదే. అమ్మకి తెలీకుండా ఉంటే సాలు” అంది. మామూలుగానే అంది.

సాయంత్రం అమ్మ ఫోను. సదస్సు గురించి పేపర్లో జిల్లా పేజీలో వేశారట. ఆ జడ కథంతా వేసి, కింద మా ఇద్దరి పేర్లూ, మా ఫోటో. నాన్న నాలుగు కాపీలు కొన్నారట. వీధిలో అందరికీ చూపించనా అని అమ్మ అడిగింది. చూపించమన్నాను. సంతోషంగానే అన్నాను. అప్పుడు తట్టలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా, నిజంగా తట్టలేదనే రాస్తున్నాను.

ఫిబ్రవరి 15

అమ్మ మళ్ళీ ఫోను చేసింది. నిన్న గున్నమ్మ పిన్ని చేపలు తెచ్చిందట. అమ్మ గంప దింపించి, అరుగు మీద కూర్చోబెట్టి, ఆ వార్తంతా చదివి వినిపించింది. ఫోటోలో ఝాన్సీని వేలుపెట్టి చూపించింది.

“ఎంత సంతోషపడిపోనాదో. నోట మాట రానేదు,” అంది అమ్మ. “మంచినీళ్ళు కూడా తాక్కుండా గంపెత్తుకుని ఎల్లిపోనాది.”

ఫిబ్రవరి 16

ఝాన్సీకి చెప్పాలి.

ఫిబ్రవరి 17

ఇవాళ తనకి క్లాసులున్నాయి.

ఫిబ్రవరి 19

మెస్‌లో నా ఎదురుగానే కూర్చుంది. చెప్పలేదు.

ఫిబ్రవరి 21

శుక్రవారం శుక్రవారం గున్నమ్మ పిన్ని ఆమదాలవలసలో దిగి, చేపల కూర కేరేజీ పట్టుకుని హాస్టల్‌కి వస్తుంది. గేటు దాటి, మెట్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, వార్డెన్ దగ్గర నుంచి వంటావిడ దాకా అందరినీ పలకరించి గానీ కదలదు. పోయిన వారం రాలేదు, వేట లేదనుకున్నాం. ఇవాళ కేరేజీ వచ్చింది. ఆటో అతను తెచ్చిచ్చాడు.

ఝాన్సీ అక్కడే నిలబడి వాళ్ళమ్మకి ఫోను చేసింది. నేను వరండాలో ఉన్నాను. తను ఎక్కువ మాట్లాడలేదు. ఫోను పెట్టేసి నేరుగా నా దగ్గరకొచ్చింది.

“ఇకనుంచి ఆటోలోనే పంపుతాదట. అక్కడ నీ సదువుకున్నోలు ఉంటారు, నానెందుకులే అంతన్నాది. ఎవులు సెప్పినారు అమ్మకి?”

మా అమ్మ పేపర్ చదివి వినిపించిందని చెప్పాను. ఎప్పుడని అడిగింది. అదీ చెప్పాను. ఇన్నాళ్ళూ తెలిసీ ఊరుకున్నావా అని తను అడగలేదు.

“మీ అమ్మ తప్పు నేదు,” అంది. కేరేజీ చేయి మార్చుకుని, “ఆ రోజు అందరికీ అది నేనేనని ఎలగ తెలిసిందో తెలుసా? పేరు సెప్పనేదు గాని, సెప్తున్నంతసేపూ నా కేసి సూసినావు నువ్వు.”

కేరేజీ విప్పకుండానే పట్టుకెళ్ళిపోయింది.

నేను చూశానా? చూసే ఉంటాను. ఎవరి కథ చెబుతున్నామో వాళ్ళ వైపు చూస్తాం కదా.

ఫిబ్రవరి 22

చూశాను. ఇలా రాస్తుంటే గుర్తొస్తోంది. అందరూ ఆ వైపు చూడాలనే చూశాను.

ఫిబ్రవరి 24

నిన్న వాళ్ళ ఊరు వెళ్ళాను. ఝాన్సీ శనివారమే వెళ్ళిందని పద్మకుమారి చెప్పింది. భోగాపురంలో బస్సు దిగి ఆటో ఎక్కాను. ఏం చెప్పాలో దారి పొడవునా కూర్చుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

మధ్యాహ్నం. పడవలు ఒడ్డుకి లాగేసి ఉన్నాయి. గున్నమ్మ పిన్ని ఇంటి ముందే ఉంది. తలంటుకున్న జుట్టు, ఉతికిన చీర. ఎప్పుడు కనబడినా బుగ్గ గిల్లి పలకరించే మనిషి, నన్ను చూసి లేచి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది. నాకు మంచం వేసి తను దూరంగా గోడ వారన కూర్చుంది. ఝాన్సీ గుమ్మంలో నిలబడింది.

మా అమ్మా నాన్నల క్షేమం అడిగింది. మా ఊరి పంటల గురించి అడిగింది. ఆ తర్వాత, “ఒక మాట అడుగుతాను, నిజిం సెప్పమ్మా. పేపర్ల ఏసినారు కదా, జడ సంగతి. అది మా పిల్ల నీకు సెప్పినాదా?” అంది.

ఝాన్సీ కేసి చూడలేదు. ఈసారి చూడకూడదనే చూడలేదు.

“నేదు పిన్నీ. నానే కల్పించినాను.”

“కల్పించడవేటి?”

“అలగ సెప్తే బహుమతి వస్తాదని. మిగతావన్నీ నిజిమే. అదొక్కటీ అబద్దం.”

చాలాసేపు నన్నే చూసింది. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“తల్లి సెయ్యి అసియ్యించుకున్నాదని ఎంత మాటనేసినావే నా పిల్లని,” అంది. “అది అలాటిది కాదని నాకు తెల్దేటి. సదువుకున్నోలు ఇలగ సేస్తారేటి? ఆ బహుమతి నీది కాదు, అమ్మా. ఎవులిచ్చినారో ఆలకి తిరిగిచ్చెయ్యి. అబద్దమని సెప్పి మరీ ఇచ్చెయ్యి.”

ఇస్తానన్నాను. కూడు తిని వెళ్ళమంది. తిన్నాను. ఝాన్సీ వడ్డించింది.

ఝాన్సీ ఆటో దాకా వచ్చింది. “ఎందుకలగన్నావు?” అని అడిగింది. మరేమనమంటావు అన్నాను. తను ఇసుకలో చెప్పు కాలితో గీస్తూ, “ఇప్పుడు మేడమ్‌కి కూడా అలగే సెప్పాల కదే” అంది.

అది నేను ఆలోచించలేదు.

ఫిబ్రవరి 27

మేడమ్ దగ్గరకి వెళ్ళి వచ్చేశాను. గదిలో ఎవరో ఉన్నారు.

మార్చి 3

చెప్పాను.

మేడమ్ మొదట నవ్వారు, నేనేదో భయపడి మాట్లాడుతున్నాననుకుని. మళ్ళీ చెప్పాను, ఆ అమ్మాయి ఎవరూ లేదు, నేనే కల్పించాను అని. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఇన్నేళ్ళలో తన పిల్లలెవరూ ఇలాంటి పని చెయ్యలేదన్నారు. ఝాన్సీని పిలిపించారు.

ఇది కూడా నేను ఆలోచించలేదు. పేపర్ మీద తన పేరు కూడా ఉంది. ఝాన్సీకి ఏమీ తెలియదు మేడమ్, అంతా నాదే అని చెబుతూనే ఉన్నాను. ఆవిడ నన్ను ఆగమని, ఝాన్సీని సూటిగా అడిగారు, “నీ స్కూల్లో ఇలాంటిదేమైనా జరిగిందా?” అని.

ఝాన్సీ బల్ల మీది కళ్ళద్దాలు చూస్తోంది.

“లేదు మేడమ్,” అంది. “నాకలాంటిదేమీ జరగలేదు.”

ఆ మాట నేను ఎప్పటికీ మర్చిపోలేను. తన బతుకులో జరిగిన దాన్ని తన నోటితోనే జరగలేదనిపించాను. ముందు తనది కాకుండా చేశాను, తర్వాత అసలు లేకుండా చేశాను.

మార్చి 8

షీల్డు మేడమ్ పార్సిల్ చేయించారు. సదస్సు వాళ్ళు పేపర్ మొత్తం తీసేశారు. ఆ ఒక్క సంగతి కాదు, మొత్తం. ఝాన్సీ రైలు రైలూ తిరిగి సేకరించిన ఆడవాళ్ళ మాటలన్నీ పోయాయి. ఒకటి అబద్ధమైతే మిగతావి ఎలా నమ్మాలి అన్నారట. వాళ్ళు అడిగిన దాంట్లో తప్పేముంది.

కారిడార్లో వేరే డిపార్ట్‌మెంట్ లెక్చరర్ ఒకాయన ఇంకొకాయనతో అంటుంటే విన్నాను. “నేను అప్పుడే అనుకున్నాను. ఈ కాలంలో ఎవరండీ అలా కూర్చోబెడతారు? ఈ వివక్ష కథలన్నీ ఇలా అల్లినవే.” నన్ను చూసి మాట మార్చలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాడు.

జరిగిందండీ, కిటికీ పక్కనే కూర్చోబెట్టారండీ అని ఆయనతో చెప్పడానికి వీల్లేదు. ఎవరితోనూ వీల్లేదు.

మార్చి 10

జిల్లా పేజీలో మళ్ళీ వేశారు, చిన్నది, మూలన. అమ్మ ఫోను చెయ్యలేదు. నాన్న చేశారు. “అబద్దమెందుకాడినావమ్మా, నీకేటి తక్కువ సేసినాం” అన్నారు. గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది. అమ్మకీ నాన్నకీ నిజం చెబుదామంటే గున్నమ్మ పిన్ని వాళ్ళ అరుగు మీదికే వస్తుంది. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు.

తప్పయిపోయింది నాన్నా అన్నాను. ఆ మాట వరకూ నిజమే.

మార్చి 14

కేరేజీ ఆటోలోనే వచ్చింది.

మార్చి 21

గున్నమ్మ పిన్ని వచ్చింది.

క్లాసు నుంచి వస్తుంటే గేటు లోపల ఆవిడ గొంతు వినిపించింది. మెట్ల మీద ఎప్పటి చోటే, కాళ్ళు చాపుకుని, కేరేజీ గిన్నెలన్నీ పరిచి కూర్చుంది. పక్కన ఝాన్సీ, పద్మకుమారి, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు. నన్ను చూసి, “అదిగో, అబద్దాలకోరొచ్చినాది,” అని అందరికీ వినిపించేలా అంది. అమ్మాయిలు నవ్వారు. వాళ్ళందరికీ తెలుసు. “రా, తిను. అబద్దాలాడినోలకి ఆకలెయ్యదేటి” అని నాకూ పళ్ళెం పెట్టింది. దగ్గరగా కూర్చోబెట్టుకుని వంజరం ముక్క ముల్లు తీసి వేసింది.

అమ్మాయిలు చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. ఝాన్సీ నీళ్ళ సీసా నింపడానికి లోపలికెళ్ళింది. అప్పుడు పిన్ని నా వైపు తిరగకుండానే, గిన్నెలు సర్దుతూ మెల్లగా మాట్లాడింది.

“ఆ యేడు అది రోజూ నిమ్మాకు నలిపి సేతులకి రాసుకునీది. తల్లికి తెల్దేటమ్మా. తెలిసే, పెద్దదైపోనాదని అందరికీ సెప్పుకున్నాను.”

కలిపిన ముద్ద మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను.

“లోకానికి తెలిసిపోనాక, ఏ మొకం ఎట్టుకుని ఇక్కడ కూకోవాలో తెల్లేదు. అందరూ దాని కేసీ నా కేసీ సూస్తారు కదా. నువ్వు అబద్దమని అనేసినావు గాబట్టి ఈ గేటు దాటి రాగలిగినాను.” గిన్నె మూత బిగించింది. “దానికి సెప్పకు. నాకు తెల్దనే దాని ధైర్యం.”

సెప్పను పిన్నీ అన్నాను. ఈ నోటితోనే ఒకసారి ఝాన్సీకి మాటిచ్చానని ఆవిడకి తెలియదు. తెలిసే అడిగిందేమో.

ఝాన్సీ సీసా తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టి, ఏటి మాటాడుకుంతన్నారని అడిగింది. ఎండలు ముదిరిపోతన్నాయని అంతన్నాను అంది పిన్ని. ఝాన్సీ నన్ను చూసింది. నేను పళ్ళెంలోకి చూసుకున్నాను.

వెళ్ళేటప్పుడు పిన్నిని గేటు దాకా ఇద్దరం సాగనంపాం. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడ్డాం. ఝాన్సీతో చాలా చెప్పాలనిపించింది. మీ అమ్మకి నువ్వనుకున్నంత దెబ్బ తగల్లేదని, నువ్వు ఇన్నేళ్ళు దాచిందంతా ఆవిడ ముందే మోసేసిందని. నోటి చివరిదాకా వచ్చింది. చెబితే తను మళ్ళీ నా గదికి వచ్చేస్తుందేమోనని కూడా అనిపించింది.

చెప్పలేదు.

తను పద్మకుమారి బ్లాకు వైపు వెళ్ళింది. నేను ఇటొచ్చాను.